బటన్ కుడి పక్క

డార్సీ క్లెమ్‌కి గుర్రాలంటే ప్రాణం. కాకపోతే గుర్రం పక్కన పది నిమిషాలు నిలబడిందంటే కళ్ళు బూరెల్లా పొంగుతాయి, ముక్కు కుళాయి అవుతుంది, ఊపిరి ఈల వేస్తుంది. దేవుడికి ఇలాంటి వేళాకోళాలంటే మహా సరదా. వాళ్ళ నాన్న రస్ క్లెమ్ ఒహాయో ఈ చివర నుంచి ఆ చివరకి ఊళ్ళోవాళ్ళ గుర్రాల్ని ట్రక్కులో చేరవేసేవాడు. కూతురు ముందు సీట్లో అద్దాలు బిగించుకుని కూర్చుని, వెనక ఉన్న గుర్రాల్ని చూడకుండానే గీసేది. కాగితం మీద గుర్రానికి వెంట్రుకలు రాలవు కదా, తుమ్ములు రావు.

డార్సీకి పదేళ్ళప్పుడు రస్ గుండె ఆగి పోయాడు. మరుసటేడు బటన్ పుట్టింది.

బటన్ ఆడ గుర్రం. బూడిద రంగు ఒళ్ళు, కొస చిరిగిన చెవి ఒకటి, ఎడమ భుజం మీద చొక్కా బొత్తాం అంత గుండ్రటి తెల్ల మచ్చ. పొగరుబోతు. ఎవర్నీ ఎక్కించుకోదు. డార్సీ పెన్సిలు నుంచి తర్వాత ఇంకో నలభై గుర్రాలు పుట్టాయిగానీ, అవన్నీ బటన్‌కి చెలికత్తెలే.

ఆ గుర్రాలన్నీ ఉండేది ఒక వెబ్‌సైటులో. దాన్ని అందరూ ‘కొట్టం’ అనేవాళ్ళు. అమెరికా, కెనడా నలుమూలల్నుంచీ గుర్రాల పిచ్చివాళ్ళు అక్కడ చేరి, ఎవరి గుర్రాన్ని వాళ్ళు సొంతంగా కనిపెట్టి, పేరూ రంగూ మచ్చలూ రాసి కట్టేసుకునేవాళ్ళు. ఒకళ్ళ గుర్రాన్ని ఇంకొకళ్ళు అడక్కుండా గీస్తే దొంగతనం. కావాలంటే నీ గుర్రాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు. ఇస్తే మాత్రం ఇచ్చినట్టే. కన్నదానివైనా సరే, ఆ తర్వాత కొత్త యజమాని ఒప్పుకోకుండా ఒక్క గిట్ట కూడా గీయడానికి లేదు. దానం చేసిన ఆవు గుమ్మం ముందుకెళ్ళి పాలు పిండుకుంటానంటే ఊరు ఊరుకుంటుందా?

ఇరవై రెండేళ్ళప్పుడు డార్సీ ఒక బొమ్మల కాలేజీలో సీటు కోసం గుర్రాలన్నీ అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళింది. అక్కడి పెద్దమనిషి అన్నీ ఓపిగ్గా తిరగేసి, “బావున్నాయమ్మా. గుర్రాలు కాకుండా ఇంకేమన్నా వేస్తావా?” అని అడిగాడు. వెటకారం కాదు, మామూలుగానే అడిగాడు. అందుకే మరీ కాలింది. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా కొట్టంలో రాసిపారేసింది: “నేను వెళ్ళిపోతున్నా. గుర్రాలన్నీ మీవి. ముందు అడిగినవాళ్ళకి ముందు.” అలిగిన పిల్ల ఆటబొమ్మలన్నీ వీధిలోకి విసిరేసినట్టు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు గీత గీయలేదు. కౌంటీ స్కూలు బస్సు నడుపుకుంటూ బతికింది. నంబరు పద్నాలుగు. పొద్దున పిల్లల్ని దింపాక మధ్యాహ్నం రెండుంబావు దాకా ఖాళీ.

మొన్న నవంబరులో ఒకరోజు ఇంజను వేడెక్కడం కోసం కూర్చుని ఉంది. పక్క అద్దం ఆవిరి పట్టింది. ఏమీ తోచక వేలితో గీకుతోంది. చూస్తే గుర్రం. చిరిగిన చెవి, భుజం మీద గుండ్రటి మచ్చ. తొమ్మిదేళ్ళు అడ్రసు లేకుండా పోయింది, ఏ మాత్రం సిగ్గు లేకుండా వచ్చి అద్దం మీద నిలబడింది.

ఆ రోజు నుంచి ఖాళీ వేళల్లో స్టీరింగు మీద నోటుపుస్తకం పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది. తొమ్మిదో నంబరు బస్సు నడిపే వెర్ల్ ఒకసారి కిటికీలోంచి తొంగిచూశాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు పొలం దున్నే భారీ గుర్రాల్ని మేపినవాడు.

“ఏమ్మాయ్, ఏంటది?”

“గుర్రం.”

“వెనక కాలు అలా వంగితే అది గుర్రం కాదు, మడత కుర్చీ.”

“నీ మొహం చూడకుండా గీశాగా, అందుకే ఇంకా గుర్రంలా ఉంది. పో పెద్దాయనా.”

“పోతాలే. ముందు దాన్ని కూర్చోబెట్టు, పాపం నిలబడలేకపోతోంది.”

ఆ మాటతో పంతం పట్టి మూడు వారాలు కాళ్ళే గీసింది. మూడో వారం మంగళవారం ఒక బొమ్మ నిజంగా బాగా కుదిరింది. పాత ఖాతా తాళంచెవి ఎప్పుడో మర్చిపోయింది, ఆ ఈమెయిలు కూడా చచ్చిపోయింది. కొత్త ఖాతా తెరిచి, బటన్ బొమ్మని కొట్టంలో పెట్టింది. కింద ఒక్క ముక్క రాసింది: “తిరిగొచ్చింది.”

బుధవారం పిల్లల్ని దింపి ఫోన్ చూస్తే అరవై మూడు సందేశాలు. మెచ్చుకున్నారేమోనని సంబరంగా తెరిచింది.

“దొంగ.”

“ఇది మోస్‌హూఫ్ గుర్రం. సిగ్గుండాలి.”

“ఖాతా కొత్తది, బుద్ధి పాతది.”

డార్సీకి ముందు నవ్వొచ్చింది. నా గుర్రాన్ని నేనే దొంగిలించానా? “బటన్ నాది. పదకొండేళ్ళప్పుడు నేనే కనిపెట్టా. మిగతా నలభై ఇచ్చేశాగానీ దీన్ని అట్టే పెట్టుకున్నా” అని రాసింది.

“అందరూ అదే అంటారు తల్లీ,” అని ఒకళ్ళు బదులిచ్చి, కింద పాత కాగితం ఒకటి తగిలించారు. తొమ్మిదేళ్ళ నాటి డార్సీ వీడ్కోలు పత్రం. ఏ గుర్రం ఎవరికి వెళ్ళిందో ఆమె స్వయంగా రాసిన జాబితా. డార్సీ వేలితో కిందికి తోస్తూ పోయింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఇంకా ఉంది.

“41. బటన్ — మోస్‌హూఫ్‌కి.”

నవ్వు గొంతులోనే ఉండిపోయింది. అట్టే పెట్టుకోలేదు. తొమ్మిదేళ్ళుగా మనసు జాలిపడి అబద్ధం చెప్పింది, ఈమె నమ్మింది. ఇప్పుడు కొట్టం లెక్కలో ఆమె అచ్చంగా దొంగే.

ఇంకో పావుగంటకి మోస్‌హూఫ్ అనే మనిషి దగ్గర్నుంచే సందేశం వచ్చింది.

“బటన్ నాది. తొమ్మిదేళ్ళుగా నాది. మీరు దాన్ని కన్న మనిషేనో, పాత బొమ్మ చూసి దించినవాళ్ళో నాకు తెలీదు. తెలుసుకోవడానికి ఒకటే దారి. బటన్ వివరాల కాగితంలో దాన్ని కన్న మనిషి ఇలా రాసింది: ‘ఎడమ భుజం మీద బొత్తాం లాంటి తెల్ల మచ్చ. కుడి పక్క సంగతి అడగొద్దు.’ నేను అడుగుతున్నా. శనివారం పదకొండు గంటలకి అందరి ముందూ లైవులో బటన్‌ని కుడి పక్క నుంచి గీయండి. అక్కడ ఏముండాలో నాకొక ఆనవాలు తెలుసు. తప్పితే బొమ్మ తీసేసి, బటన్‌ని ఇక ఎప్పటికీ గీయనని అందరి ముందూ రాసివ్వాలి. ఒప్పితే, అప్పుడు మాట్లాడుకుందాం.”

వెబ్‌సైటు నడిపే కొట్టం పెద్దలు కూడా సరేనని కింద ముద్ర కొట్టారు.

డార్సీ బస్సు మెట్ల మీద కూర్చుండిపోయింది. కుడి పక్క!

కుడిచేత్తో గీసేవాళ్ళని ఎవర్నైనా గుర్రం గీయమనండి, అది ఎడమవైపే చూస్తుంది. చేతికి ఆ వంపే వస్తుంది. కొట్టంలో సగం గుర్రాలకి అసలు కుడి పక్కే లేదు. పుట్టినప్పట్నుంచీ ఒకే వైపు చూస్తూ, ఒకే పక్క బతికేస్తున్నాయి. డార్సీ గీసిన వందల బటన్‌లూ అంతే. కుడివైపు తిరిగిన గుర్రం ఆమె చేత్తో ఎప్పుడూ రాలేదు. అదొక ఎత్తు. బటన్ కుడి పక్కన ఏదో ఉండేది, అది నిజం. ఏంటో గుర్తులేదు. అదీ అసలు ఎత్తు.

గట్టిగా ఆలోచించింది. నల్ల మచ్చా? నక్షత్రమా? ఏమీ తట్టలేదు. పాత పుస్తకాలన్నీ నేలమాళిగలో నీళ్ళొచ్చినప్పుడే మురిగిపోయాయి. ఫ్లోరిడాలో రెండో మొగుడితో ఉంటున్న తల్లికి ఫోన్ చేసింది.

“అమ్మా, నా బటన్ గుర్తుందా? గుర్రం.”

“నీ గుర్రాలు నాకెక్కడ గుర్తుంటాయే. అన్నీ ఒకేలా ఉండేవి. ఆ వంటింటి కిటికీ అద్దానికి కాగితాలు ఆనించి గీసి గీసి, అద్దమంతా పెన్సిలు మసి. అది తుడవడం మాత్రం గుర్తుంది.”

“కుడి పక్క ఏముండేదో...”

“ఇంత వయసొచ్చింది, ఇంకా గుర్రాలేంటే? తిన్నావా?”

గురువారం బస్సుల గ్యారేజీ గదిలో కూర్చుని పదహారు కాగితాలు పాడుచేసింది. కుడివైపు తిరిగిన గుర్రం ఒకసారి కుక్కయింది, ఒకసారి సోఫా అయింది. ఫోన్ తీస్తే చాలు, “ఇంకా రెండు రోజులే” అని ఎవరో ఒకళ్ళు గుర్తుచేస్తున్నారు. ఎవరో గంటలు లెక్కపెట్టే గడియారం బొమ్మ కూడా పెట్టారు. మధ్యాహ్నం బస్సు తీస్తుంటే రోజూ తిరిగే మలుపు దాటిపోయి, వెనక పిల్లలు కేకలేస్తే గానీ తెలీలేదు. ఎప్పుడూ అలా జరగలేదు.

తిరిగొచ్చి వెర్ల్‌కి సంగతంతా చెప్పేసింది. వెక్కిరిస్తాడనుకుంది. వెక్కిరించాడు కూడా.

“అయితే లేని గుర్రాన్ని దానం చేసి, లేని గుర్రాన్ని దొంగిలించి, ఇప్పుడు లేని గుర్రం లేని పక్క కోసం ఏడుస్తున్నావ్.”

“అంతే.”

“మా ఆవిడ సంతకి పంపితే పాలు మర్చిపోయి నేను ఏడ్చేవాణ్ణి. నీది పెద్ద రకం ఏడుపు.” కాఫీ ఒక గుక్క తాగాడు. “చూడమ్మాయ్. గుర్రాన్ని ఎక్కేది ఎడమ పక్కనుంచే. జీనూ అటునుంచే, కళ్ళెమూ అటునుంచే. నిన్ను ఆరేళ్ళుగా ఎరిగిన గుర్రమైనా సరే, ఒకరోజు కుడి పక్కనుంచి వెళ్ళావా, కొత్త మనిషిని చూసినట్టు గెంతుతుంది. ఒక పక్క నేర్చుకున్నది రెండో పక్కకి తెలీదు దానికి.”

“మరి నువ్వేం చేసేవాడివి?”

“చేసేదేముంది. నిలబడ్డచోటే నిలబడి ఏడిస్తే అది తిరగదు. చుట్టూ నడిచి అటు పక్కకి వెళ్ళడమే.”

శుక్రవారం పొద్దున మంచు కురుస్తోంది. పిల్లల్ని దింపేసి, గ్యారేజీ ఆవరణలో బస్సు ఆపింది. అద్దాలు బాగా ఆవిరి పట్టాయి. మళ్ళీ ఏదో ఒకటి అని వేలితో బటన్‌ని గీసింది, అలవాటు ప్రకారం ఎడమవైపు చూస్తూ. భుజం మీద మచ్చ దగ్గర ఆవిరి గుండ్రంగా తుడిచేసింది. చూస్తూ కూర్చుంది. వెర్ల్ మాట గుర్తొచ్చింది. చుట్టూ నడవడమే.

బస్సు దిగింది. ముందు నుంచి తిరిగి, కిటికీ బయట నిలబడింది.

గుర్రం కుడివైపు చూస్తోంది. అదే గీత, అదే చెవి, అయితే ఇప్పుడు అవతలి పక్క. చిన్నప్పుడు వంటింటి కిటికీకి కాగితాలు ఆనించింది ఇందుకే! ముందు వైపు ఎడమ పక్క గీసేది. కాగితం తిప్పి వెలుతురుకి పట్టి, వెనక వైపు అదే గీత మీద కుడి పక్క దిద్దుకునేది. మరి దిద్దాక ఏం చేర్చేది? భుజం దగ్గర ఏం గీసేది?

చేతి తొడుగు తీసి, అద్దం మీద మచ్చ దగ్గర వేలు పెట్టింది. అద్దం మంచులా చల్లగా ఉంది. ఏమీ తట్టలేదు. వేలు అటూ ఇటూ కదిలించింది, ఎప్పట్నుంచో అలవాటైన పనిలా. బుర్రకంటే ముందు వేలు గుర్తుపట్టింది.

నాన్న గోధుమరంగు కోటు. ట్రక్కులో పక్కన కూర్చుని రెండో బొత్తాం తిప్పీ తిప్పీ ఒకరోజు ఊడబీకేసింది. భయపడి కిటికీలోంచి పారేసింది. అప్పుడు ఆరేళ్ళు. ఆ తర్వాత నాన్న ఆ బొత్తాం కుట్టించుకోనే లేదు. ఖాళీ కాజా అలాగే ఉండేది. పొడుగు ప్రయాణాల్లో డార్సీ ఆ కాజాలో వేలు దూర్చి నిద్రపోయేది. ఎక్కడ గుర్రం దింపినా ఎవరో ఒకళ్ళు అడిగేవాళ్ళు: “ఏమయ్యా రస్, బొత్తామేదీ?”

“గుర్రం మింగేసింది,” అనేవాడు. కూతురి వైపు చూసేవాడు కాదు.

“ఏ గుర్రం?”

“పేరు చెప్పను. దాని పరువు పోతుంది.”

ఆయన పోయాక తల్లి ఆ కోటుకి కొత్త బొత్తాం కుట్టి చర్చిలో దానానికి ఇచ్చేసింది. ఆ మరుసటేడు పదకొండేళ్ళ డార్సీ, బొత్తాం మింగిన ఆ గుర్రాన్ని కాగితం మీద పట్టుకుంది. ఎడమ భుజం మీద బొత్తాం. కుడి భుజం మీద...

డార్సీ అద్దానికి నుదురు ఆనించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత బస్సెక్కి, అద్దం మీద పడ్డ ముక్కు ముద్రని లోపల్నుంచి తుడిచింది. ముద్ర బయటే ఉండిపోయింది, గుర్రం తలకాయ పోయింది.

శనివారం పదకొండు. గ్యారేజీ విశ్రాంతి గది. ఫోన్‌ని కాఫీ డబ్బాకి ఆనించి కెమెరా బల్ల మీదకి తిప్పింది. వెర్ల్ బల్ల అవతల డోనట్ల పెట్టెతో కూర్చున్నాడు. నోరు తెరవనని ఒట్టు వేసి మరీ వచ్చాడు. తెర మీద చూసేవాళ్ళ లెక్క పెరుగుతోంది. నూటపది, నూటఅరవై, రెండువందల పన్నెండు.

“మొదలుపెట్టండి,” అని ఒక ఆడగొంతు వినబడింది. మోస్‌హూఫ్. బాగా చిన్న గొంతు. డార్సీ ఏ నలభై ఏళ్ళ కోపిష్టి మనిషినో ఊహించుకుంది. ఆ గొంతు కూడా వణుకుతోందని విన్నాక ఆమెకి ఇంకా భయమేసింది.

పెన్సిలు కాగితం మీద పెట్టింది. కుడివైపు చూసే మూతి గీయబోయింది. మెడ పక్కకి పోయింది. చెరిపింది. మళ్ళీ గీసింది. మళ్ళీ పోయింది. కింద మాటలు పరుగులు తీస్తున్నాయి.

“జిరాఫీ.”

“దొంగ దొరికింది.”

“కన్నతల్లికి బిడ్డ మెడ ఎటుందో తెలీదా?”

వెర్ల్ నోట్లో డోనట్ కుక్కుకున్నాడు, మాట బయటికి రాకుండా.

డార్సీ ఆ కాగితం నలిపి పక్కన పడేసింది. కొత్త కాగితం తీసుకుని, ఎడమవైపు చూసే బటన్‌ని గీసింది. చకచకా వచ్చింది. చెవి, మెడ, భుజం, కాళ్ళు. మూడు వారాలు కాళ్ళే గీసింది మరి.

“అది ఎడమ పక్క,” అంది మోస్‌హూఫ్. “ఎడమ పక్క అందరికీ తెలుసు. నేను అడిగింది అది కాదు.”

“ఒక్క నిమిషం.”

డార్సీ లేచింది. ఫోన్ చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. కాగితం తిప్పి అద్దానికి ఆనించింది. బయట మంచు మీద ఎండ పడి, వెలుతురు కాగితంలోంచి దూసుకొచ్చింది. గీతలు వెనక వైపుకి తేలాయి, కుడివైపు చూస్తూ.

తెర గోలగోలైంది. “మోసం!” “ఎత్తి రాసుకుంటోంది!” “పెద్దలేరీ? ఆపండి!”

“ఎవరి బొమ్మని?” అని వెర్ల్ ఒట్టు తీసి గట్టున పెట్టి అరిచాడు. “తన బొమ్మ మీదే తను దిద్దుకుంటే ఎత్తి రాయడమేంట్రా? తలకాయలున్నాయా?”

“ఎవరది?” అంది మోస్‌హూఫ్.

“తొమ్మిదో నంబరు బస్సు,” అన్నాడు వెర్ల్.

ఫోన్ వెర్ల్ చేతిలో పెట్టి, డార్సీ ఎడం చేత్తో కాగితాన్ని అద్దానికి అదిమి పట్టింది. చేయి నొప్పెడుతోంది. ఇక్కడితో ఆపేయమంటే అంతే సంగతులు.

“ఇది మోసం కాదు,” అంది మోస్‌హూఫ్ మెల్లగా. “కానివ్వండి. అందరూ నోరు మూసుకోండి.”

డార్సీ కుడి పక్క దిద్దింది. మూతి, మెడ, వీపు, తోక. ఆఖరికి భుజం దగ్గరికొచ్చింది. అక్కడ ముందు వైపు గీసిన బొత్తాం గుండ్రంగా తేలి కనబడుతోంది. దాన్ని దిద్దలేదు. దాని నడిమధ్య నుంచి సన్నగా, పొడుగ్గా ఒక చీలిక గీసింది. చుట్టూ ఒళ్ళంతా బూడిదరంగు పూసి, చీలిక లోపల మాత్రం ఏమీ పూయకుండా తెల్ల కాగితాన్ని అలాగే వదిలేసింది.

“అయింది,” అంది.

“ఏంటది? దెబ్బా?” అంది మోస్‌హూఫ్.

“కాజా. బొత్తాం దూరే చోటు. అక్కడ వెంట్రుకలుండవు, మచ్చ ఉండదు, ఏమీ ఉండదు. ఖాళీ.”

తెర మీద మాటలు ఆగిపోయాయి.

చివరికి మోస్‌హూఫ్ అంది: “బటన్‌ని నాకిచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. కుడి పక్క ఏముందో చెప్పమని రాశా. నువ్వు ఒక్క ముక్క పంపి మాయమైపోయావ్. చదవనా? ‘అక్కడ ఉన్నదేమీ లేదు. ఒకటి లేకపోవడమే ఉంది.’ అంతే. నీకు గుర్తుందా?”

“లేదు. ఇప్పుడు వింటున్నా.”

“లేనిదేంటా అని నేను తొమ్మిదేళ్ళు చచ్చా. ఒక కాలు లేదేమో అనుకున్నా. ఒక వేసవంతా ఏడ్చా తెలుసా? మా అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది.”

“అయ్యో. క్షమించు. నాకప్పుడు మనసు బాలేదు.”

“అది అర్థమైందిలే. నా పేరు తెరేజ్. మానిటోబాలో ఉంటా.” ముక్కు చీదిన చప్పుడు. “సరే. దాన్ని కన్నది నువ్వే. ఇప్పుడు తిరిగిచ్చెయ్యమంటావా?”

డార్సీ నోటిదాకా వచ్చింది, అవునని. కిటికీ అద్దం మీద చేయి ఇంకా కాగితాన్ని అదిమే ఉంది.

“లేదు. ఇచ్చింది ఇచ్చినట్టే. గీయడానికి మాత్రం ఒప్పుకోమని అడుగుతున్నా.”

“ఒప్పుకోను,” అంది తెరేజ్.

వెర్ల్ ఏదో అనబోతే డార్సీ చెయ్యెత్తి ఆపింది.

“ఎడమ పక్కకి ఒప్పుకోను,” అంది తెరేజ్. “దాన్ని మూడొందల సార్లు గీశా. జ్వరమొస్తే గీశా, బళ్ళో ఏడిపిస్తే గీశా. ఆ బొత్తాం నాది. నీకు కూడా ఇవ్వను. అయితే ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అటు పక్క గీయలేదు. గీయబుద్ధి కాలేదు. కుడి పక్క నువ్వు నాకు ఇవ్వనే లేదు కదా? చెప్పనే లేదు. ఇవ్వనిది నాదెలా అవుతుంది? అది నీది.”

డార్సీకి అర్థమవడానికి కాస్త టైము పట్టింది.

“అంటే కుడి పక్క...”

“ఎంత కావాలంటే అంత గీసుకో. ఎవరన్నా దొంగ అంటే నాకు చెప్పు, నేను చూసుకుంటా.”

“తెరేజ్, నాకు కుడివైపు చూసే గుర్రం గీయడం రాదు.”

“తెలుసు. రెండొందల మందిమి చూశాం. నేర్చుకో.”

“కిటికీ ఉందిగా.”

“కిటికీ వద్దు. అద్దానికి ఆనించాలంటే ముందు ఎడమ పక్క గీయాలి. అది నాదన్నాగా?”

వెర్ల్ నవ్వు ఆపుకోలేక డోనట్ పొడి ఫోన్ మీద తుంపరలుగా ఊదాడు. కొట్టం పెద్దలు కింద ముద్ర కొట్టారు: కుడి పక్క డార్సీ క్లెమ్‌ది, ఎడమ పక్క మోస్‌హూఫ్‌ది. కొట్టంలో ఒక గుర్రాన్ని నిలువునా పంచుకున్నది అదే మొదటిసారి.

సోమవారం పొద్దున పిల్లల్ని దింపేశాక, డార్సీ బస్సు ఆపి, స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుంది. అద్దం ఆవిరి పట్టకుండా ఉండటానికి తలుపు కొంచెం తెరిచి పెట్టుకుంది. చలి కొరుకుతోంది. కుడివైపు చూసే మూతితో మొదలుపెట్టింది. చేయి మొరాయించింది. అలవాటు లేని పక్కనుంచి ఎక్కబోతే గుర్రం గెంతినట్టు, ప్రతి గీతా పక్కకి గెంతింది. రెండింటి దాకా కుస్తీ పట్టింది.

వెర్ల్ వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

“ఈసారి మడత కుర్చీ కాదు,” అన్నాడు.

“నిజంగా?”

“ఇస్త్రీ బల్ల.”

“పోవయ్యా.”

పోలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, భుజం మీద సన్నటి ఖాళీ చీలిక కేసి కాసేపు చూశాడు. “ఇదొక్కటీ బాగా కుదిరింది,” అని, అప్పుడు పోయాడు.

డార్సీ బొమ్మని ఫోటో తీసి తెరేజ్‌కి పంపింది. బస్సు తీసే టైమైంది. ఇంజను వేసేలోపే జవాబొచ్చింది.

“కాళ్ళు ఐదున్నాయి. లెక్కపెట్టు.”

లెక్కపెట్టింది. ఐదే. బస్సు కదిలించే ముందు కాగితం తిప్పి, రేపటికి కొత్త పేజీ తీసి పెట్టుకుంది.